మడి విడవని పూట

పోయిన వారం మా వసారాలో ముగ్గుర్ని కూర్చోబెట్టి, నాలుగో మనిషిని గేటు దగ్గర నిలబెట్టి వదిలేశాను. మళ్ళీ అక్కడికే రండి. ఇది పత్రికలో వచ్చే ముక్క కాదు, నోటితో చెబుతున్నది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

నా పేరు ముక్కామల నరహరి శాస్త్రి. ఓరియంటల్ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాను. నూజెండ్ల అవతల మా ఊళ్ళో పత్తి సాగు చేయించుకుంటూ బతుకుతున్నాను. మీరా సాహెబు నరసరావుపేటలో అచ్చువేసే 'నాగులేరు' వారపత్రికలో 'పాతమాట' అనే శీర్షిక నాది. అందులో సగం మా గురువుగారి ఇంటి జ్ఞాపకాలు, మిగతా సగం గవర్నమెంటుకు చీవాట్లు. కరణాలను తీసేసినప్పుడు రాశాను. తాలూకాలను ముక్కలు చేసి మండలాలు పెట్టినప్పుడూ రాశాను. నా వాదం ఎప్పుడూ ఒకటే. ఇంటి సంగతి ఇల్లు చూసుకోవాలి, ఊరి సంగతి ఊరు చూసుకోవాలి. ప్రతిదానికీ సర్కారు వైపు చెయ్యి చాచే జనం ఎప్పటికీ లేచి నిలబడలేరు. ఇలా రాసినందుకు కొందరు నన్ను ఛాందసుడన్నారు. ఆ మాటకు అసలు అర్థం వేదం చదివినవాడని, కాబట్టి నాకేం కోపం రాలేదు.

మా తండ్రిగారి తద్దినం నాడు నా భార్య రామాయమ్మ పోయింది. మాకు పిల్లల్లేరు. ఊళ్ళో హెల్త్ సెంటరుకు తీసుకుపోతే డాక్టరు లేడు, ఆక్సిజన్ సిలిండరు ఖాళీ. అక్కణ్ణుంచి జిన్నింగ్ మిల్లు వీరయ్య తన జీపులో నరసరావుపేట తీసుకుపోతుంటే శావల్యాపురం దాటకుండానే ప్రాణం పోయింది. పదమూడో రోజు గడిచిన వెంటనే నేను 'పాతమాట' చెప్పి రాయించాను. అందులో ఒక వాక్యం ఉంది. 'నా భార్య ఊపిరందక కొట్టుకుంటుంటే నర్సు బీరువా తాళంచెవి వెతుక్కుంటోంది.' మండలాధ్యక్షుల ఎన్నికల్లో వీరయ్య నిలబడ్డాడు. ఆయన మనుషులు ఈ ఒక్క వాక్యాన్ని మైకులో చదువుకుంటూ ఊరూరా తిరిగారు. నర్సును సస్పెండ్ చేశారు. ఆ నర్సు ఫిలోమినాయే పోయిన వారం మా గేటు తీసింది.

ఇంకో సంగతి చెప్పాలి. రామాయమ్మ పోయినప్పటినుంచీ నాకు ఏడుపు రాలేదు. గొప్పకు చెప్పడం లేదు. కాఫీ గొంతు దిగాక కూడా అది వేడిదో చల్లదో తెలియడం లేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఏడుస్తుంటే, వీళ్ళు ఎప్పుడు లేస్తారా అని చూసేవాణ్ణి. బాధగా ఉందా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక, ఉందనేవాణ్ణి.

శుక్రవారం మధ్యాహ్నం. మీరా సాహెబు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. నేను రాసుకోను, చెబుతాను. అవధానాలు చేసిన రోజులనాటి అలవాటు. ఇన్నేళ్ళూ నేను చెబుతుంటే రాసింది రామాయమ్మ. ఆవిడ పోయాక పత్రిక ఆగకూడదని సాహెబే శుక్రవారం శుక్రవారం బస్సెక్కి వచ్చి రాసుకుపోతున్నాడు. వీరయ్య పడక్కుర్చీలో ఉన్నాడు. హెల్త్ సెంటరు మీద ఇంకొక్క వారం రాయమని అడగడానికి వచ్చాడు.

ఫిలోమినా మెట్ల దగ్గరే ఆగింది. నర్సు బట్టల్లో లేదు, నీలం నేత చీర కట్టుకుంది. నలభై దాటిన మనిషి, ఫిరంగిపురం ఆడపడుచు. మా ఊళ్ళో పిల్లలందరికీ సూదులు వేసింది ఈమే.

"శాస్త్రిగారూ, ఆమెని పంపిచ్చెయ్యండి" అన్నాడు వీరయ్య. "ఎంక్వైరీలో ఉన్న మనిషి మీ ఇంటికి రాకూడదు. రేపు మీరే పిలిపిచ్చి బెదిరిచ్చారంటారు."

"ఎవరూ పిలవలేదుగా. తనే వచ్చింది" అన్నాను. "కూర్చోమ్మా."

ఆమె కూర్చోలేదు. "నేను పోట్లాటకి రాలేదు పంతులుగారూ. ఒక్క మాట అడిగి పోతా. నేను తాళంచెవి ఎతుక్కోవటం మీరు చూశారా?"

"చూశాను. గుమ్మంలోంచి చూశాను."

"గుమ్మంలోంచేగా. లోపలికెందుకు రాలా?"

"మడిలో ఉన్నాను" అన్నాను. చెబుతుంటే నా మాట నాకే వేరెవరో చెబుతున్నట్టు వినిపించింది. తద్దినం భోజనానికి పిలిచిన భోక్తలు తిని లేచారు, పిండాలు పెట్టాను. వాటిని ఇంకా నీళ్ళలో కలపలేదు. ఈలోగా వంటింట్లో రామాయమ్మ పడిపోయింది. పక్కింటివాళ్ళు ఎత్తి జీపెక్కించారు. తడిపంచెతోనే నేనూ జీపెక్కాను. హెల్త్ సెంటరు గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయాను. అది తప్పని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. కాళ్ళు వాటంతటవే ఆగాయి.

"తాళంచెవి నా నడుముకే ఉంది పంతులుగారూ. ఎప్పుడూ ఆడే ఉండిద్ది. బీరువా తీశా, మందు తీశా, సూదేశా. అంతా అయినాక మీరు చూశారు. అమ్మగారు నా చెయ్యి పట్టుకుని వదల్లా. నేను ఆమె నోటికాడికి వంగి ఇంటన్నా. వెనకనుంచి మీకు నేను బల్లకింద ఎతుక్కుంటన్నట్టు కనపడింది."

"ఏం చెప్పింది?"

ఫిలోమినా వీరయ్య వైపు చూసి, సాహెబు వైపు చూసి, మళ్ళీ నావైపు చూసింది.

"మీకు చెప్పొద్దని ఒట్టేయిచ్చుకుంది. ఈ నెలంతా కడుపులో పెట్టుకున్నా. సస్పెండ్ కాగితం ఇచ్చిన్నాడు గూడా చెప్పలా, మా ఆయన అడిగినా చెప్పలా. ఇంక నా వల్ల కాదు. గుంటూరులో ఎంక్వైరీ పెట్టారు. ఆడ నోరు తెరవకపోతే నా ఉద్యోగం పోయిద్ది, తెరిస్తే అమ్మగారి మాట పోయిద్ది. ఆపీసర్లకి చెప్పేముందు మీకు చెప్పటం న్యాయమని వచ్చా."

"చెప్పమ్మా."

"పొద్దున పొయ్యి ముట్టిచ్చినప్పటినుంచే నొప్పంట. ఎడం చెయ్యి గుంజుతా ఉందంట, దవడ దాకా. 'అప్పుడే రావొచ్చు గదమ్మా' అన్నా. 'ఇయ్యాళ మామగారి తద్దినం, వంటకి నేను తప్ప ఇంకెవరూ లేరు, నేను మడి విడిస్తే కార్యం చెడిపోద్ది' అనింది."

ఆమె చెప్పింది నిజం. మా ఇళ్ళలో తద్దినం వంట చేసే మనిషి తడిబట్టతో, ఖాళీ కడుపుతో చెయ్యాలి. భోక్తలు తృప్తిగా తిని లేచి, పిండాలు నీళ్ళలో కలిపేదాకా మంచినీళ్ళు కూడా ముట్టదు. మధ్యలో ఆవిడ గడప దాటినా, ఎవరైనా తాకినా ఆ వంట పనికిరాదు. ఏటా వంటకు వచ్చే మా చెల్లెలు ఈసారి రాలేదు. వినుకొండ నుంచి వంటావిణ్ణి పిలిపిద్దామా అని నేనే అడిగాను. వద్దంది. అరటికాయ కూర, కంద, మిరియాల చారు, గారెలు, పరమాన్నం, నువ్వుల పచ్చడి అన్నీ తనే చేసింది.

"మరి నాకెందుకు చెప్పొద్దన్నది?" అని అడిగాను.

"ఏదో పంతులమ్మగారి సంగతి చెప్పింది. మీ గురువుగారి ఇంటావిడంట. చెయ్యి కాలినా గరిటె వదల్లేదంట గదా. 'ఆయన చెప్తంటే నా చేత్తోనే రాశాను. ఆవిడది కాలిన చెయ్యి, నాది ఉత్త గుంజటమేగా' అనింది. 'నేను ఓర్చుకోలేకపోయానని తెలిస్తే ఆయనకి చిన్నతనం' అని గూడా అనింది."

సాహెబు కలం కిందపెట్టాడు.

ఆ గురుపత్ని సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. నిరుడు రాశాను. గురజాల పక్కన మా గురువుగారింట్లో చదువుకునే రోజుల్లో ఒక తద్దినం నాడు మరిగే నెయ్యి ఆవిడ ముంజేతి మీద ఒలికింది. ఆవిడ కిక్కురుమనలేదు. అదే చేత్తో భోక్తలకు వడ్డించింది. చెయ్యి బొబ్బలెక్కిందని విద్యార్థులకు సాయంత్రం దాకా తెలియదు. ఆ జ్ఞాపకం చెప్పి, కింద నా వ్యాఖ్య చేర్చాను. 'పింఛన్లూ పథకాలూ లేని రోజుల్లో ఈ దేశాన్ని నిలబెట్టింది ఆ చెయ్యి. ఈనాటి మంత్రులు ఆ చేతికి నమస్కారం పెట్టడం నేర్చుకుంటే చాలు' అన్నాను. ఆ వారం ఉత్తరాలు చాలా వచ్చాయి. చప్పట్లు కొట్టించుకున్న ముక్క అది.

అది రాస్తూ రాస్తూ రామాయమ్మ మధ్యలో ఆగింది. "ఆవిడకి నొప్పి పుట్టలేదంటారా?" అని అడిగింది. "పుట్టకేం, పుట్టే ఉంటుంది. పైకి చెప్పలేదు, అదీ గొప్పతనం" అన్నాను. "ఊఁ" అని మళ్ళీ రాసుకుంది. ఆవిడ దస్తూరీ గుండ్రంగా ఉండేది.

తద్దినం పూట ఇంకోటి కూడా జరిగింది. గారెల పళ్ళెం పట్టుకుని రామాయమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మొహమంతా చెమట. పొయ్యి దగ్గర్నుంచి వచ్చిన మనిషికి చెమట పట్టదా అనుకున్నాను. నేను మాట్లాడకూడని వేళ అది. తొందరగా కానిమ్మని దర్భ ఉంగరం ఉన్న వేలితోనే సైగ చేశాను. ఆవిడ తల ఊపి వచ్చి వడ్డించింది.

ఇదంతా విన్నాక నాకు గుండె పగిలిందని చెబితే మీకు తృప్తిగా ఉంటుంది. పగల్లేదు. గోడమీద బల్లి కనిపించింది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. వీరయ్య ఏదో అంటున్నాడు. కొంతసేపయ్యాకగానీ ఆ మాటలు చెవికెక్కలేదు.

"శాస్త్రిగారూ, నేనడిగేదానికి చెప్పండి. సిలిండరు ఖాళీ అన్నది అబద్ధమా?"

"కాదు."

"డాక్టరు నెలలో పదిరోజులన్నా సెంటర్లో ఉండడు. అబద్ధమా?"

"అదీ నిజమే."

"మరింకేంది? గుండెనొప్పితో వచ్చిన మనిషికి గాలి పెట్టే దిక్కు లేదు. అదే మనం చెప్తన్నాం. ఈమె ఉద్యోగం సంగతి నాకొదిలేయండి. నేను గెలిస్తే ఇంకోచోటికి వేయిస్తా."

వీరయ్యను దుర్మార్గుడనుకోకండి. ఆ రోజు పిలవకముందే జీపు తెచ్చినవాడు. కర్మలన్నీ అయ్యేదాకా పాలూ కూరలూ తన ఇంటినుంచే పంపాడు. నేనంటే నిజంగా గౌరవం ఉన్న మనిషి.

"వీరయ్యా, సిలిండరు ఖాళీ అని ఎన్నిసార్లయినా రాస్తాను. నర్సు తాళం వెతుక్కుందన్నది మాత్రం అబద్ధం. నా నోటినుంచి వచ్చిన అబద్ధం అది. దాన్ని నేనే వెనక్కి తీసుకోవాలి."

"అదొక్కటే రాస్తే ఊరుకుంటారా జనం? మరి ఆలస్యం ఎందుకయిందని అడగరూ? తద్దినం కోసం ఆగిందని రాయాల్సొస్తది. చానా ఆలోచించుకోండి. ఇన్నేళ్ళు మీరు దేన్ని నిలబెట్టాలని రాశారో దాన్ని మీ చేత్తో మీరే పడగొట్టుకుంటారు. మిమ్మల్ని తిట్టినోళ్ళంతా రేపు ఆ పేపరు పట్టుకుని తిరుగుతారు. చూశారా, శాస్త్రిగారి ఆచారమే శాస్త్రిగారి పెళ్ళాన్ని తినేసిందని అంటారు. అది మీకు సమ్మతమేనా?"

ఆ మాట మాత్రం తగిలింది. నేను ఈ వయసులో ఆచారాన్ని వదిలేసే రకాన్ని కాను. ఆ రోజు తద్దినం పెట్టడం తప్పని ఇప్పటికీ అనను. అయితే ఇంటి సంగతి ఇల్లు చూసుకోవాలని ముప్పై ఏళ్ళుగా అందరికీ చెప్పినవాణ్ణి, నా ఇంట్లో పొద్దుటినుంచీ జరిగినదాన్ని చూడకుండా మొత్తం తీసుకుపోయి సర్కారు గుమ్మంలో పడేశాను. వాళ్ళ సిలిండరు ఖాళీగా ఉండటం నాకు బాగా కలిసొచ్చింది.

"రాసుకో సాయిబూ" అన్నాను.

మీరా సాహెబు కలం తీశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎప్పుడూ చెప్పే గొంతుతోనే, ఎక్కడా తడబడకుండా చెప్పాను. "మొన్న నేను ఒక ఉద్యోగిని మీద మోపిన నింద అసత్యం. నా భార్యకు పొద్దున్నే గుండెనొప్పి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పితృకార్యం. మడి విడిస్తే కార్యానికి విఘ్నమని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఓర్చుకోవడమే గొప్పతనమని ఆవిడకు నేర్పినవాణ్ణి నేను."

సాహెబు మొదటి వాక్యం రాశాడు. రెండోది సగం రాశాడు. అక్కడ చెయ్యి ఆగింది.

"ఏం సాయిబూ, వినబడలేదా?"

"వినపడింది శాస్త్రిగారూ." కాగితాలు సర్ది ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది నేను అచ్చెయ్యను."

ఇరవై ఏళ్ళలో నా మాట ఒక్కటి కూడా తీసెయ్యని మనిషి. నేను ప్రభుత్వాన్ని తిట్టినప్పుడు అతనికి గవర్నమెంటు ప్రకటనలు ఆగిపోయాయి, అప్పుడు కూడా ఏమీ అనలేదు.

"భయమా?"

"భయమే. మీ ఇంటి తద్దినం సంగతి మీరు చెప్పుకున్నారని ఎవరూ చూడరు. తురకోడి ప్రెస్సులో అచ్చయిందని చూస్తారు. మీరూ మీరూ రేపు ఒకటవుతారు. రాళ్ళు పడేది నా షాపుమీద. లోపల నలుగురు కుర్రోళ్ళు అక్షరాలు పేరుస్తా ఉంటారు. ఎలక్షన్ల టైమిది." అతను తల ఎత్తలేదు. "ఇంకేదన్నా చెప్పండి రాస్తా. మా పిల్ల అబిదాకి జొరమొచ్చినప్పుడు రామాయమ్మగారు చారు కాచి పంపిన మనిషి. ఆమె మీద ఇది నా చేత్తో రాయలేను."

కోపం రావాలి. రాలేదు. అతను చెప్పింది నిజమని తెలుస్తూనే ఉంది. వీరయ్య ఉత్తరీయం భుజం మార్చుకున్నాడు. నేను వాదించినవాటిలో దేనివల్లా నాకు ఒక్క రాయి తగల్లేదని అప్పుడు తోచింది. ఎప్పుడూ పక్కవాళ్ళకే తగిలింది.

"అయితే అచ్చు వద్దు, నోటితోనే చెబుతాను" అన్నాను. "ఎంక్వైరీ ఎప్పుడమ్మా?"

ఫిలోమినా తల వంచుకుంది. "సోమవారం పంతులుగారూ. పదకొండింటికి."

వీరయ్య చిన్నగా నిట్టూర్చాడు. నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. సోమవారం రామాయమ్మ తిథి. మొదటి మాసికం.

"అందుకే ఇన్నాళ్ళు రాలేకపోయా. ఆ రోజు మీకు ఏముందో నాకు తెలుసు. రమ్మని అడగటంలా. చెప్పటం వరకే నా పని. నేను పోతా" అంది ఫిలోమినా.

"ఆగమ్మా."

వీరయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు. గొంతు తగ్గించి, పెద్దమనిషికి నచ్చజెప్పే తీరులో మాట్లాడాడు. "భోక్తల్నీ వంటావిణ్ణీ వినుకొండ నుంచి తెచ్చేది నా జీపే. పొద్దున్నే పంపిస్తా. మీకు నేను చెప్పాలా శాస్త్రిగారూ, తిథి ఎవరికోసం ఆగదు. ఆ పూట మీరు గుంటూరు ఆపీసులో కూర్చుంటే ఇక్కడ పిండం పెట్టేదెవరు? కొడుకా, కూతురా? మాసికం తప్పితే అమ్మగారు ఆకలితో అల్లాడిపోద్ది. చచ్చిపోయినాక గూడా ఆమెని కడుపు మాడుస్తారా?"

అది శాస్త్రం. పోయిన ప్రాణికి ఏడాది పాటు నెలనెలా పెట్టే ఆ ముద్దే ఆహారమని క్లాసులో నేనే పాఠం చెప్పాను.

"ఫిలోమినా" అన్నాను. "చివర్లో రామాయమ్మ ఏమన్నా అడిగిందా?"

ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"మంచినీళ్ళు అడిగింది పంతులుగారూ. గ్లాసు తెచ్చి నోటికి పెట్టబోయా. పెదాలు బిగబట్టింది. 'ఇంకా పిండాలు కలపలేదు, ఆయన ఇంటికి పోయి కలిపాక తాగుతా' అనింది. ఆ గ్లాసు అట్టాగే ఉంది. అప్పుడే జీపు హారన్ కొట్టారు, మోసుకుపోయారు."

నేను ఆ గుమ్మంలోనే ఉన్నాను. ఆవిడకూ నాకూ మధ్య నాలుగడుగులు కూడా లేవు. లోపలికి వెళ్ళి తాగమని ఒక్క మాట అంటే తాగేది. నా మాట ఎప్పుడూ కాదనలేదు.

నోరు ఎండిపోయింది. నెల రోజుల తర్వాత మొదటిసారి నాకు దాహం వేసింది. లేచి నీళ్ళు తాగాలనిపించలేదు.

"ఆవిడ ఆకలితోనే పోయింది వీరయ్యా" అన్నాను. "దాహంతో పోయింది. ఒక్క పూట ఇంకా ఆగుతుంది. ఆగడం ఆవిడకు అలవాటే." ఫిలోమినా వైపు తిరిగాను. "సోమవారం మొదటి బస్సు ఎన్నింటికమ్మా?"

"ఆరింటికి, బస్సులాగేకాడ" అంది ఫిలోమినా మెల్లగా.

వీరయ్య లేచి నిలబడ్డాడు. చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగబోతూ ఆగి, రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం పెట్టాడు.

"శాస్త్రిగారూ, మాసికం వదిలిపెట్టి ఆ బస్సు మీరెక్కరు" అన్నాడు.